చివరి స్టాపులో దిగిన కండక్టరమ్మ

రిటైరైన నాలుగో రోజు పొద్దున్న కండక్టరమ్మ టీ గ్లాసు కింద పెట్టి, తనొక నెల పాటు ఊరెళ్తున్నానని ఇంట్లో చెప్పింది.

"ఏ ఊరు?" అన్నాడు తమ్ముడు, పేపరు దించకుండానే.

"ఈ ఊరే."

అప్పుడు దించాడు పేపరు.

ముప్పై ఒక్క సంవత్సరాలు సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి ఆవిడ. నాన్న పోయేటప్పటికి తమ్ముడింకా నిక్కర్లలో ఉన్నాడు. వాడి చదువైపోనీ, వాడికో ఉద్యోగం రానీ, వాడి పెళ్ళి కానీ అనుకుంటూ ఉండగానే ఆవిడ పెళ్ళి వయసు ఏదో బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ మాట ఆవిడే నవ్వుతూ చెప్పేది. ఎవరైనా జాలి పడబోతే మాత్రం మాట మార్చేది. ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులూ ఒక హాలూ. ఒక గది తమ్ముడికీ మరదలికీ, ఇంకో గది చదువుకునే మేనకోడలికి. కండక్టరమ్మది హాలు. అందరూ పడుకున్నాక పక్క పరుచుకోవడం, అందరూ లేచేలోపల చుట్టి సోఫా వెనక్కి తోసెయ్యడం. పొద్దున్న ఎవరైనా ఇంటికొస్తే, ఆ హాల్లో ఒక మనిషి పడుకుంటుందన్న ఆనవాలు కూడా కనిపించేది కాదు.

ఆవిడ రిటైరయ్యే రోజు కోసం ఆవిడకన్నా ఇంట్లోవాళ్ళే ఎక్కువ ఎదురుచూశారు. అక్క ఇక ఇంటిపట్టునే ఉంటుందని, ఇల్లంతా తనే చూసుకుంటుందని తమ్ముడు ఆఫీసులో కూడా చెప్పుకున్నాడు. నడుంనొప్పితో ఏళ్ళ తరబడి వంటిల్లు ఈడ్చుకొస్తున్న మరదలైతే, వదిన ఇంట్లో ఉంటే మధ్యాహ్నం పూట ఒక గంట నడుం వాల్చొచ్చని ఆశపడింది. తప్పేముంది, ఎవరి ఆశ వాళ్ళది. కాకపోతే ఆ ఆశలన్నీ తన భుజాల మీద పెట్టామని కండక్టరమ్మకి ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఏదో ఒక పేటలో గది తీసుకుని ఊరు చూస్తానని ఆవిడ చెప్పేసరికి తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు. ఇల్లుండగా, ఉన్న ఊళ్ళోనే అద్దెగది ఏమిటన్నాడు. యాత్రంటే ఏ కొండలకో సముద్రానికో వెళ్తారు గాని, పక్క పేటకి పెట్టె సర్దుకునేవాళ్ళని ఎక్కడా చూళ్ళేదన్నాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సామెత కూడా వాడాడు. ఏదీ పనిచెయ్యకపోయేసరికి ఆఖరి అస్త్రం తీశాడు: నలుగురూ ఏమనుకుంటారు?

"ఆ నలుగురినీ ముప్పై ఏళ్ళు బస్సులో చూశాన్రా," అంది కండక్టరమ్మ. "ఎవరి స్టాపు వస్తే వాళ్ళు దిగిపోతారు. దిగాక వెనక్కి తిరిగి చూసినవాడు లేడు."

మేనకోడలికి మాత్రం అత్త పని భలే నచ్చింది. ఫోను పట్టుకుని పక్కన చేరి, ఏ పేటలో దిగితే బాగుంటుందో చూపించడం మొదలుపెట్టింది. ఏ బసకి ఎన్ని నక్షత్రాలున్నాయో, దిగి వెళ్ళినవాళ్ళు ఏమేం రాశారో చదివి వినిపించింది. కండక్టరమ్మ ఓపిగ్గానే వింది గాని ఒక్కటీ చెవిన వేసుకోలేదు. ఏ పేట ఎలాంటిదో తెలుసుకోడానికి ఆవిడకి ఫోటోలక్కర్లేదు. ఆ పేట స్టాపులో జనం బస్సెక్కే తీరు చాలు.

స్టేషను పక్కన లాడ్జీల వీధి ఉంది. అక్కడ ఎక్కేవాళ్ళు ఎవరి పెట్టె మీద వాళ్ళు చెయ్యి వేసుకుని కూర్చుంటారు. పక్కవాడు టైమెంతని అడిగినా ముందు జేబు తడుముకుని తర్వాత వాచీ చూస్తారు. చెరువు వైపు కొత్త కాలనీ చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, యాత్రికులందరూ అక్కడే దిగుతారు. కానీ ఆ స్టాపులో రోజూ ఒకే టైముకి ఎక్కే ఇద్దరు మనుషులు, ఏళ్ళు గడిచినా, ఒకళ్ళకొకళ్ళు తల ఊపుకోవడం ఆవిడ చూడలేదు. మార్కెట్టు సెంటర్లో మోచేతులదే రాజ్యం.

ఇక మిగిలింది పందొమ్మిదో నంబరు బస్సు ఆఖరి స్టాపు. ఒకప్పుడు అది విడిగా పల్లెటూరు. నగరం పెరిగి పెరిగి ఆ పల్లెని మింగింది గాని అరిగించుకోలేకపోయింది. చుట్టూ పది అంతస్తుల మేడలు లేచినా, మధ్యలో సందులూ పెంకుటిళ్ళూ కూరపాదులూ మేకలూ అలాగే మిగిలిపోయాయి. ఆ రూట్లో ఆవిడ పదకొండేళ్ళు పనిచేసింది. అక్కడ ఎక్కే ప్రతివాడూ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, "ఒక్క నిమిషమమ్మా, మావాళ్ళు వస్తున్నారు" అనేవాడు. తీరా చూస్తే వచ్చేవాళ్ళు ఇతని చుట్టాలూ కారు, పక్కాలూ కారు, నాలుగిళ్ళ అవతలివాళ్ళు. బస్సులో ఎవరైనా గొడుగు మర్చిపోతే ఆవిడ డిపోలో అప్పగించేది కాదు. తర్వాతి ట్రిప్పులో ఆ స్టాపులో ఎక్కిన మొదటి మనిషి చేతిలో పెట్టేది, సాయంత్రానికి అది సొంతదారుకి చేరేది. ఒకసారి ఎవరో కాగితంలో చుట్టిన పళ్ళసెట్టు సీటు మీద వదిలేసి దిగిపోయారు. మర్నాడు ఎక్కినావిడ విప్పి చూసి, "ఇది మా ఎదురింటి తాతది" అని, నవ్వనైనా నవ్వకుండా చేతిసంచీలో వేసుకుంది. పళ్ళని చూసి మనిషిని పోల్చుకునే పేట ఊళ్ళో ఇంకొకటి లేదని కండక్టరమ్మకి ఆరోజే తేలిపోయింది.

అన్నేళ్ళూ అక్కడ బస్సు ఆగేది పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో టీ తాగాలి, రిపోర్టు రాయాలి. ఎదురుగా ఒక సందు లోపలికి వెళ్ళి ఎడమవైపు తిరిగేది. ఆ మలుపు తర్వాత ఏముందో ఆవిడకి తెలీదు. ఎప్పుడు అటు నాలుగడుగులు వేద్దామన్నా డ్రైవరు హారను కొట్టేవాడు.

అలా ఒక బుధవారం పొద్దున్న, ఒక పెట్టె, ఒక చేతిసంచీతో, మొదటిసారి టిక్కెట్టు కొనుక్కుని, ఆవిడ పందొమ్మిదో నంబరు బస్సెక్కి ఆఖరి స్టాపులో దిగింది. హారను కోసం వెనక్కి చూడకుండా మలుపు తిరిగింది.

మలుపు తర్వాత గొప్పగా ఏమీ లేదు. ఒక చేతిపంపు, దాని చుట్టూ నాచు పట్టిన గచ్చు, మూసేసిన పిండిమర, రెండు కుర్చీల సెలూన్, ఒక మేడ. మేడ మీద గది ఖాళీగా ఉందని టీకొట్టాయన ముందే చెప్పాడు. ఆ మేడ ఇస్త్రీ మామ్మది. డెబ్భై దాటిన మనిషి, సన్నగా చువ్వలా ఉంటుంది. స్టాపు పక్కనే రేకుల పందిరి వేసుకుని, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పేటంతటి బట్టలూ ఆవిడే ఇస్త్రీ చేస్తుంది. ఎవరింట్లో కొత్త చొక్కా కొన్నారో, ఎవరి చొక్కాకి గుండీలు రెండు నెలలుగా లేవో ఆవిడకి తెలుసు.

మామ్మ గది చూపించకముందే విచారణ మొదలుపెట్టింది. ఎవరు, ఎక్కడినుంచి, మొగుడున్నాడా, కొట్టాడా, పిల్లలు తరిమేశారా. అవేమీ కావని, ఊరు చూడ్డానికి వచ్చానని కండక్టరమ్మ చెబితే మామ్మ పెదవి విరిచింది.

"ఇక్కడేముందని చూడ్డానికి?"

"మీరున్నారుగా."

మామ్మ కాసేపు ఆలోచించి, "సరే, చూడు" అని తాళంచెవి ఇచ్చింది. ఎంత వద్దన్నా యాభై ఎనిమిదేళ్ళ మనిషిని "అమ్మాయ్" అని పిలవడం మాత్రం మానలేదు.

గదిలో ఒక మంచం, ఒక కిటికీ, గోడకి మూడు మేకులు. తలుపుకి లోపలివైపు ఇనపగడియ ఉంది. కండక్టరమ్మ పెట్టె దించి, తలుపు మూసి, గడియ వేసింది. మంచం మీద కూర్చుంది. లేచి గడియ తీసి మళ్ళీ వేసింది. అప్పుడు ఏడుపు లాంటిదేదో వచ్చింది గాని అది ఏడుపు కాదు. ఇన్నేళ్ళుగా ఊపిరి సగమే పీల్చినట్టూ ఇప్పుడు మిగతా సగం లోపలికి వెళ్ళినట్టూ అనిపించింది. ఆ మధ్యాహ్నమంతా ఏమీ చెయ్యకుండా కూర్చుంది.

అలాగని అక్కడ స్వర్గమేమీ లేదు. పల్లెటూరి లక్షణంలో మంచీ చెడ్డా రెండూ ఉంటాయి. ఆవిడ ఎన్నింటికి లేచిందో, ఎన్ని బకెట్ల నీళ్ళు పోసుకుందో పొద్దెక్కేసరికి పేటంతా తెలిసిపోయేది. ఇంట్లోంచి గెంటేశారని కొందరు, బస్సులవాళ్ళు పంపిన గూఢచారి అని సెలూన్ ఆయన, చావు వెతుక్కుంటూ వచ్చిందేమోనని పళ్ళసెట్టు తాత అనుకున్నారు. నాలుగో రోజు ఆరేసిన బట్టలు తీసుకోడానికి వెళ్తే, ఎవరో వాటిని మడతపెట్టి, లోపలి లంగాకి ఉన్న చిరుగు కుట్టి మరీ పెట్టారు. కండక్టరమ్మకి ఒళ్ళు మండింది. చేతిపంపు దగ్గర అందరూ ఉన్న సమయం చూసి నిలబడి, ఎవరికేం కావాలన్నా తనని ఎదురుగా అడగొచ్చని, అడిగితే చెప్తానని, చాటుగా తొంగిచూస్తే మాత్రం ఊరుకోనని చెప్పింది. నిండు బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతు అది. పేట ఒక పూట చిన్నబుచ్చుకుంది. ఆ మర్నాటి నుంచి మనుషులు మెట్ల దగ్గర నిలబడి, "రావచ్చా?" అని అడిగి పైకి రావడం మొదలుపెట్టారు. కుట్టింది ఎవరో మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

రెండో ఆదివారం తమ్ముడొచ్చాడు. మేడ మెట్ల కింద నిలబడి, పైకి రాకుండానే, "బట్టలు సర్దుకో, వెళ్దాం" అన్నాడు. కండక్టరమ్మ దిగొచ్చి టీ తాగుతావా అంది. అక్కర్లేదన్నాడు. ఇస్త్రీపెట్టె ఊదుతున్నట్టు నటిస్తూ మామ్మ, కత్తెర ఆడిస్తున్నట్టు నటిస్తూ సెలూన్ ఆయన, చెవులు ఇటే వేశారు.

తమ్ముడు గొంతు తగ్గించాడు. "ఇంట్లో నీకేం తక్కువ చేశాం అక్కా?"

"ఏమీ తక్కువ చెయ్యలేదు. తలుపొక్కటే లేదు."

"తలుపా?"

"నీ గదికి ఉంది. పిల్ల గదికి ఉంది. బాత్రూంకి కూడా ఉంది. హాలుకున్నది వీధితలుపు, అది అందరిదీ. నేను వేసుకోడానికి తలుపేది?"

ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడగలేదేమన్నాడు తమ్ముడు. ఆవిడ అడగలేదన్నది నిజమే. అతను చూడలేదన్నదీ నిజమే. ఆ మాటే అంది. అతనికి కోపం వచ్చింది, సిగ్గూ వేసింది, రెండూ కలిసి గొంతు పైకి లేచింది. ఇవాళ రాకపోతే ఇక ఎప్పుడూ రానక్కర్లేదని అందరూ వినేలా అనేశాడు.

"సరే," అంది కండక్టరమ్మ. "బస్సు పన్నెండూ పదికి ఉంది. ముందు సీట్లో కూర్చో, వెనక కుదుపు ఎక్కువ."

అతను వెళ్ళాక ఆవిడ పైకి వెళ్ళి గడియ వేసుకుని, బస్సు కదిలిన చప్పుడు వినిపించేదాకా గోడకానుకుని నిలబడింది. కానీ పెట్టె మాత్రం ముట్టుకోలేదు.

మూడో వారంలో స్టాపు స్తంభానికి ఒక కాగితం అంటించారు. ఒకటో తారీకు నుంచి పందొమ్మిదో నంబరుకి కొత్త పొడుగు బస్సులు వస్తాయని, అవి ఇక్కడ తిరగడానికి చోటు చాలదు గనక మెయిన్ రోడ్డు దగ్గరే ఆగి వెనక్కి మళ్ళుతాయని దాని సారాంశం. మెయిన్ రోడ్డు అక్కడికి కిలోమీటరున్నర. ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళూ బట్టల మూటలవాళ్ళూ పిల్లల తల్లులూ ఇక నడవాల్సిందే. జనం కాగితం చదివి, తిట్టి, నిట్టూర్చి, ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. పైవాళ్ళు అనుకున్నాక మనమేం చేస్తాం అన్నారు.

కండక్టరమ్మ టేపు అడిగి తెచ్చుకుని, స్టాపు ముందున్న ఖాళీజాగా అంతా కొలిచింది. ఒకవైపు నీళ్ళట్యాంకు గోడ, ఒకవైపు పిండిమర, మూలన మామ్మ రేకుల పందిరి. పాత బస్సు ముక్కు గోడ దాకా తెచ్చి, వెనక్కి సందులోకి ఒదిగి, రెండు మెలికల్లో తిరిగేది. కొత్త బస్సు దానికన్నా రెండు గజాలు పొడుగు. అయిదు మెలికల్లో తిరగొచ్చు, మామ్మ పందిరి ఒక గజం వెనక్కి జరిగితే.

"నా పందిరి జోలికొస్తే చెయ్యి కాలుస్తాను," అంది మామ్మ.

సెలూన్ ఆయన కూడా నవ్వాడు. నెల తిరక్కుండా వెళ్ళిపోయే మనిషివి, కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా అన్నాడు. కత్తిపీట కాబట్టే ఊరుకోవడం చేతకాదని ఆవిడ జవాబు చెప్పి, మర్నాడు పొద్దున్నే డిపోకి బయల్దేరింది.

అక్కడ రూట్ల ఆఫీసరు నిన్నగాక మొన్న వచ్చినాయన, ఆవిణ్ణి ఎరగడు. మొదటి రోజు మీటింగులో ఉన్నాడన్నారు, రెండో రోజు భోజనానికి వెళ్ళాడన్నారు. మూడో రోజు ఆవిడ ఆయన గది గుమ్మానికి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. దాటుకుని వెళ్ళడం కుదరక ఆయన పిలిచాడు. అంతా విని, అక్కడ పొడుగు బస్సు తిరగదని తన దగ్గర ప్లానుందని, గోడకి రాసుకుంటే జవాబుదారీ తనదేనని చెప్పాడు. ఆయన చెప్పిందీ తీసిపారేసే మాట కాదు. చివరికి విసుగొచ్చి, "మీరు రిటైరయ్యారు. ఆ పేట మీది కూడా కాదట. మీకెందుకండీ ఈ గొడవ?" అన్నాడు.

"నేనక్కడ దిగిన యాత్రికురాలినండీ," అంది కండక్టరమ్మ. "ఊరు చూడ్డానికొచ్చిన మనిషి, నా బసకి బస్సెందుకు రాదని అడుగుతోంది. మీ ప్లాను కాదు, మీ జవాబు చెప్పండి."

పక్కనున్న గుమాస్తా నవ్వాపుకోలేక దగ్గాడు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. గురువారం పది గంటలకి ఒక ఖాళీ బస్సు పంపిస్తానని, గోడకైనా గోడ మీది సున్నానికైనా తగిలితే ఇక ఈ మాట ఎత్తకూడదని షరతు పెట్టాడు. ఆవిడ ఒప్పుకుంది.

ఆ సాయంత్రం మామ్మతో ఏమీ అనలేదు. గురువారం సంగతి మాత్రం చెప్పి పైకెళ్ళిపోయింది. బుధవారం పొద్దున్న ధడేల్ ధడేల్‌మని చప్పుళ్ళు వినిపిస్తే కిటికీలోంచి చూసింది. మామ్మ స్టూలెక్కి, రాయితో కొట్టి తన పందిరి గుంజలు తనే ఊడగొడుతోంది. కింద పళ్ళసెట్టు తాత స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరమ్మ గబగబా దిగి వెళ్ళేసరికి మామ్మ కసిరింది.

"నీ కోసం కాదు. మెయిన్ రోడ్డు దాకా మూటలు ఎవడు మోస్తాడు? ఆ మేకు అందుకో అమ్మాయ్."

గురువారం పది గంటలకి బస్సొచ్చింది. తోలుకొచ్చింది పదకొండేళ్ళు ఆవిడతో పనిచేసిన డ్రైవరే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు గనక డిపోలో ఆయన్ని ముత్యాలాయన అంటారు. వెనకే జీపులో ఆఫీసరు. పేట పేటంతా గోడలెక్కి, గట్లెక్కి చూస్తోంది. సందు మొదట్లో బస్సు ఆగితే, దాని పొడుగు చూసి జనానికి గుండె జారింది. కండక్టరమ్మ డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్ళింది. నేను రేకు మీద చెయ్యి కొట్టినట్టే నువ్వు నడుపు, అద్దంలో చూడకు, నా చెయ్యినే విను అంది. ముత్యాలాయన తల ఊపాడు.

ఆవిడ బస్సు వెనక్కి వెళ్ళి రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. బస్సు కదిలింది. ఒక దెబ్బ, ఆగింది. "స్టీరింగు ఎడమకి కొయ్యి, ఇంకా, ఇంకా కొయ్యి." రెండు దెబ్బలు. ముక్కు ట్యాంకు గోడని వాసన చూసినంత దగ్గరకి వెళ్ళింది. ఒక దెబ్బ. ఆఫీసరు జీపు దిగి ముందుకొచ్చాడు. మూడో మెలికలో వెనక భాగం పిండిమర అరుగు మీదుగా గాల్లో ఊగుతూ వెళ్తుంటే ఎవరో కేక వేశారు. ఆవిడ అటు చూడలేదు. చెయ్యి ఎర్రగా కందిపోయింది. నాలుగో మెలికలో బస్సుకీ గోడకీ మధ్య జానెడు చోటుంది, ఆ జానెడులో ఆవిడ ఒళ్ళు కుదించుకుని నిలబడి కొడుతూనే ఉంది. అయిదో మెలికలో, నిన్నటిదాకా పందిరున్న చోట బస్సు తోక తిప్పుకుని, ముఖం రోడ్డు వైపు పెట్టి నిలబడింది. గోడ మీది సున్నం గోడ మీదే ఉంది.

చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు. ముత్యాలాయన కిందికి దిగి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, ఆఫీసరుతో ఒకే ఒక్క మాట అన్నాడు.

"తిరుగుతుంది సార్."

ఆఫీసరు తెలివితక్కువవాడు కాదు. ఆవిడ ఉంది కాబట్టి తిరిగింది, రోజూ కండక్టరు దిగి ఇంత సేపు చెయ్యి కొడుతుంటే బస్సు టైముకి నడవదన్నాడు. వారం తర్వాత ఆర్డరు వచ్చింది. పొద్దున్న రెండు ట్రిప్పులు, సాయంత్రం రెండు ట్రిప్పులు ఆఖరి స్టాపు దాకా వస్తాయి. మధ్యాహ్నంవి మాత్రం మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోతాయి. పేట సంబరపడింది. కండక్టరమ్మ సంబరపడలేదు. ఆసుపత్రి నుంచి ముసలివాళ్ళు తిరిగొచ్చేది మధ్యాహ్నమే. పళ్ళసెట్టు తాత ఎండలో నడుచుకుంటూ రావడం ఆవిడ కొత్త బస్సులు మొదలైన మొదటి వారమే చూసింది.

ఒప్పుకున్న నెల అయిపోయింది. ఆవిడ ఇంకో నెల ఉంటానంది. అసలు ఎందుకడుగుతావని మామ్మ విసుక్కుంది.

ఆ రెండో నెలలో ఒక బుధవారం, పొద్దుటి రెండో బస్సులో మరదలు దిగింది. మొగుడు పంపితే వచ్చానంది గాని, ముఖం చూస్తే తనంతట తనే వచ్చినట్టుంది. మెట్లెక్కి పైకొచ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా మొదలుపెట్టింది. వదినా, మీరు సుఖంగా ఉన్నారు, బాగుంది, కానీ మీరు చేసే పని కూడా ఇప్పుడు నేనే చేస్తున్నాను అంది. మీకు తలుపు లేదని మీ తమ్ముడితో అన్నారట, నాకు తలుపుంది, కానీ రోజులో ఏ గంటలో నేనది వేసుకోగలనో చెప్పండి అంది. కండక్టరమ్మకి ఆ మాట సూటిగా తగిలింది. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఆ ప్రశ్న తనూ ఎప్పుడూ మరదల్ని అడగలేదు.

"నువ్వన్నది నిజం," అంది. "కానీ ఆ పని నన్నడగకు. వాణ్ణి అడుగు."

మరదలు కోపంగా లేచి, వెళ్ళిపోతానంది. వెళ్దామంటే బస్సు లేదు. సాయంత్రం అయిదింటి దాకా బస్సు రాదు, నడుంనొప్పితో కిలోమీటరున్నర ఎండలో నడవలేదు. ఏం చెయ్యాలో తోచక మంచం అంచున కూర్చుంది. కాసేపు ఒరుగుతానంది. ఒరిగిన రెండు నిమిషాల్లో గుర్రు పెట్టింది. కండక్టరమ్మ బయటికొచ్చి, తలుపు చేరవేసి, మెట్ల మీద కూర్చుంది.

ఒంటిగంటకి తమ్ముడు ఫోన్ చేశాడు. ఆదివారం నాటి గొడవ తర్వాత అదే మొదటి ఫోను. తను మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే ఎవరూ లేరని, పొయ్యి మీద ఏమీ లేదని, తన భార్య ఏమైనా అక్కడికొచ్చిందా అని అడిగాడు.

"నిద్రపోతోంది."

"లేపక్కా."

"లేపను."

"మరి నా భోజనం?"

"పొయ్యి ఉంది, గిన్నెలున్నాయి, నీకు రెండు చేతులున్నాయి. ఇరవయ్యేళ్ళ కిందట నీకిష్టమని నేనొండిపెట్టినవన్నీ నా పక్కన నిలబడి చూసేవాడివి. గుర్తు తెచ్చుకో."

అవతల గిన్నెల మూతలు తీస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత, ఉప్పు డబ్బా ఎక్కడుంటుందని అడిగాడు. తనకి తెలీదని, వెతుక్కోమని చెప్పి ఆవిడ ఫోన్ పెట్టేసింది.

మరదలు నాలుగున్నరకి లేచింది. లేచి టైము చూసి కంగారుపడింది, అంతలోనే ఎందుకో ఆ కంగారు మానేసింది. పంపు దగ్గర ముఖం కడుక్కుని, మామ్మ ఇచ్చిన టీ తాగి, వచ్చే బుధవారం కూడా వస్తానని వదినతో చెప్పి బస్సెక్కింది. వచ్చింది. ఆ తర్వాతి బుధవారం కూడా వచ్చింది. ఎందుకొస్తున్నావని పేటలో ఎవరూ అడగలేదు. బుధవారాల వంట మెల్లగా తమ్ముడి చేతికి వచ్చింది. ఇంకా కుదరలేదని మేనకోడలి ఫిర్యాదు. కండక్టరమ్మ మటుకు ఆ ఇంటికి అప్పుడప్పుడూ వెళ్ళి, ఒక పూట కూర్చుని, చీకటి పడకముందే వచ్చేస్తుంది. యాత్ర ఎప్పుడు ముగుస్తుందని తమ్ముడు ఇప్పుడు నవ్వుతూనే అడుగుతాడు. చూడాల్సింది ఇంకా ఉందని ఆవిడ నవ్వకుండా చెప్తుంది.

మధ్యాహ్నం ట్రిప్పుల కోసం మొన్న ఐదో అర్జీ పట్టుకెళ్ళింది. ఈసారి ఒక్కతే వెళ్ళలేదు. మామ్మ, సెలూన్ ఆయన, పళ్ళసెట్టు తాత, మరో పదిమంది వెంట నడిచారు. చూస్తామన్నాడు ఆఫీసరు. చూడండి, మేమిక్కడే ఉంటామని చెప్పి, కుర్చీలు చాలకపోతే అందరూ వరండాలో నేల మీదే కూర్చున్నారు.